దిద్దుట, దిద్దుకొనుట: తెలుగు సాహిత్యంలో ప్రసాధన విద్య

ఉపోద్ఘాతం

‘నేపథ్యం’ అనే మాటకు సంస్కృతంలో మొదటి అర్థం వేషాలంకరణ. నటుడు ముఖానికి పూసుకొనే రంగు, కట్టుకొనే వస్త్రం, పెట్టుకొనే నగ అన్నీ నేపథ్యమే. ఆ అలంకరణ జరిగే తెరచాటు స్థలానికీ అదే పేరు వచ్చింది. ఆధునిక తెలుగులో ఈ మాట మొదటి అర్థాన్ని దాదాపు పోగొట్టుకొంది. నేపథ్య సంగీతం, నేపథ్య గాయని, చారిత్రక నేపథ్యం అన్న ప్రయోగాలలో అది కేవలం ‘వెనుక ఉన్నది’గా మిగిలింది. ఒకప్పుడు పనిని చెప్పిన మాట, తరువాత ఆ పని జరిగే చోటును చెప్పి, చివరకు కనబడకపోవడాన్ని చెప్పే మాట అయింది. ప్రసాధన విద్యకు తెలుగు సాహిత్య విమర్శలో దక్కిన స్థానం కూడా ఇంతే. ప్రబంధ నాయిక అలంకరణను విమర్శ వర్ణనల పద్దులో చేర్చింది. పాత్రలు మారువేషం వేస్తే దానిని కథాసంవిధానపు ఎత్తుగడగా లెక్కించింది. ఈ రెంటి వెనుక నేర్చుకొన్న చేయి ఒకటి ఉందన్న విషయం చర్చకు రాలేదు.

తెలుగు భాష మాత్రం ఆ చేతిని మరవలేదు. బొట్టు దిద్దడం, కనుబొమ్మలు దిద్దడం అన్న ప్రయోగాలలోని ‘దిద్దు’ క్రియే పలకపై అక్షరాలు దిద్దడంలోనూ, తప్పులు దిద్దడంలోనూ ఉంది. గురజాడ 1910లో ప్రకటించిన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టినప్పుడు వాడిన ధాతువూ అదే. అక్షరం నేర్చే పిల్ల చేయి, నుదుట తిలకం తీర్చే చేయి ఒకే క్రియతో చెప్పబడటం యాదృచ్ఛికం కాదు. రెండూ అభ్యాసంతో వచ్చేవి, ఒకరి చేయి పట్టి మరొకరు నేర్పేవి. ఇదే క్రియకు ‘కొను’ చేరితే అర్థం మలుపు తిరుగుతుంది. ‘దిద్దు’ అన్నప్పుడు ముఖం పరులది. ‘దిద్దుకొను’ అన్నప్పుడు తనది. వృత్తిగా చేసే ప్రసాధనానికీ, సొంత సొగసుకోసం చేసుకొనే ప్రసాధనానికీ మధ్య ఉన్న భేదాన్ని తెలుగు ఒక అనుబంధ క్రియతో తేల్చి చెప్పింది. విరాటపర్వ కథ, గోదాదేవి కథ, కన్యాశుల్కం, కూచిపూడి రంగస్థల సంప్రదాయం ఆధారంగా ఈ భేదాన్ని పరిశీలించి, రెండూ ఒకే విద్యకు రెండు ముఖాలని చూపడం, ఆ విద్యను శ్రమగా గుర్తించవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

శాస్త్రంలో రెండు దారులు

ప్రసాధనాన్ని నేర్వదగిన విద్యగా పరిగణించిన ప్రాచీన గ్రంథాలలో రెండు ముఖ్యమైనవి. వాత్స్యాయనుని కామసూత్రం చెప్పిన అరవై నాలుగు కళలలో నుదుటి తిలకాల కోసం ఆకులను రూపాలుగా కత్తిరించడం, పళ్లకు, వస్త్రాలకు, దేహానికి రంగు వేయడం, మాలలు కట్టడం, శిరోభూషణాలు కూర్చడం, చెవికి పత్రాలంకారాలు చేయడం, సుగంధాలు కలపడం, నేపథ్య ప్రయోగం ఉన్నాయి. ఇవి ప్రధానంగా నాగరక జీవితంలో వ్యక్తి తన సొగసును తీర్చుకొనే మార్గాలు. అయినా ఆ గ్రంథం వీటిని సహజంగా అబ్బే గుణాలుగా కాక అభ్యసించవలసిన కళలుగా లెక్కించింది. సొగసు పుట్టుకతో రాదు, సాధనతో వస్తుంది అన్నది అందులోని అంతరార్థం.

భరతుని నాట్యశాస్త్రం రెండవ దారి. ఆంగిక, వాచిక, సాత్త్వికాలతో పాటు ఆహార్యాన్ని అభినయంగా గుర్తించి, దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది. నేపథ్యం అక్కడ నాలుగు విధాలు: కొండలు, రథాలు వంటి కృత్రిమ వస్తువులను నిర్మించే పుస్తం, నగలూ మాలలూ వస్త్రాలూ చేరిన అలంకారం, దేహానికి రంగు పూసే అంగరచన, ప్రాణులను రంగంపైకి తెచ్చే సంజీవం. అంగరచనకు తెలుపు, నీలం, పసుపు, ఎరుపు మూల వర్ణాలు. తెలుపు, పసుపు కలిస్తే పాండువర్ణం. తెలుపు, ఎరుపు కలిస్తే పద్మవర్ణం. పసుపు, నీలం కలిస్తే హరితం. ఎరుపు, పసుపు కలిస్తే గౌరం. నీలాన్ని అన్నిటిలో బలమైన వర్ణంగా చెప్పి, దానిని ఒక పాలు తీసుకొంటే తక్కినదానిని నాలుగు పాళ్లు తీసుకొమ్మంటుంది. ఇది సౌందర్య మీమాంస కాదు, పని చేసేవాడికి చెప్పిన కొలత. గడ్డం మీసాలను కూడా శుద్ధం, విచిత్రం, శ్యామం, రోమశం అని వర్గీకరించి, ఏ పాత్రకు ఏది తగునో నిర్దేశించింది.

ఆ అధ్యాయంలో ఒక ఉపమానం ప్రత్యేకంగా గమనించదగినది. జీవుడు ఒక దేహాన్ని విడిచి మరో దేహాన్ని ఆశ్రయించినప్పుడు ఆ దేహ స్వభావాన్నే పొందినట్టు, నటుడు తన వర్ణాన్ని రంగుతోనూ వేషంతోనూ కప్పి పాత్ర స్వభావాన్ని పొందుతాడని అది చెబుతుంది. కామసూత్రపు ప్రసాధనం ‘తాను’ను మెరుగుపరుస్తుంది, నాట్యశాస్త్రపు అంగరచన ‘తాను’ను కప్పుతుంది. ప్రయోజనాలు ఎదురెదురు. కాని రంగు కలిపే విధం, మాల కట్టే నేర్పు, కొలత తెలిసిన చేయి రెండుచోట్లా ఒకటే. నాట్యశాస్త్రం మరో అడుగు ముందుకు వేసి, నాటక బృందాన్ని పరిచయం చేసే సందర్భంలో కిరీటాలు చేసేవాణ్ణి, ఆభరణాలు చేసేవాణ్ణి, మాలలు కట్టేవాణ్ణి, వేషకారుణ్ణి విడివిడిగా పేర్కొంది. తెరవెనుక పనివారికి పేరు పెట్టి, లక్షణం చెప్పిన ఆ శ్రద్ధ తరువాతి విమర్శలో కొనసాగలేదు.

సైరంధ్రి: దిద్దే చేయి

తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. వానలకోసం పారాయణ చేసేంతగా తెలుగు లోకంలో పాతుకొన్న పర్వమిది. ఇందులోని కథ ఆద్యంతం వేషధారణ చుట్టూ తిరుగుతుంది. ఆరుగురు వ్యక్తులు ఆరు వృత్తులను ఎన్నుకొని, ఆ వృత్తులకు తగిన రూపాలు ధరించి, ఒక ఏడాది ఒకే కొలువులో గడుపుతారు. వారిలో ద్రౌపది ఎన్నుకొన్న వృత్తి ప్రసాధనమే.

‘సైరంధ్రి’ని దాసికి పర్యాయపదంగా చదవడం వాడుకలో ఉంది. అమరకోశం ఇచ్చిన నిర్వచనం ఆ పఠనాన్ని సమర్థించదు. అందులో మూడు లక్షణాలున్నాయి: పరుల ఇంట ఉండేది, తన వశంలో తానుండేది, శిల్పం తెలిసి పనిచేసేది. మొదటిది ఆమె పనిచేసే చోటును, రెండవది ఆమె స్థితిని, మూడవది ఆమె అర్హతను తెలుపుతాయి. మధ్యనున్న స్వాతంత్ర్య లక్షణాన్ని వదిలేస్తేనే సైరంధ్రి దాసి అవుతుంది.

వ్యాస భారతంలో ద్రౌపది సుదేష్ణతో మాట్లాడే తీరు ఈ నిర్వచనానికి నిదర్శనం. కేశాలు సవరించడం తెలుసునంటుంది, విలేపనం చక్కగా నూరగలనంటుంది, రకరకాల పూలమాలలు గుచ్చగలనంటుంది. ఇంతకు ముందు కృష్ణుని ప్రియపత్ని సత్యభామను, పాండవుల భార్య ద్రౌపదిని సేవించానని చెప్పుకొంటుంది. తన పేరు మాలిని అని, ఆ పేరు ద్రౌపదే పెట్టిందని చెబుతుంది. ఏ పని తెలుసో, ఎక్కడ చేసిందో, ఏ పేరుతో పిలవబడిందో వరుసగా చెప్పిన ఈ మాటలు కొలువు అడిగే పనిమంతురాలి మాటలు. ఆపై ఆమె షరతులు పెడుతుంది. ఎంగిలి తినదు, పాదాలు కడగదు. సేవకూ శిల్పానికీ మధ్య గీత ఎక్కడుందో ఆమెకు స్పష్టంగా తెలుసు.

తనను తాను అలంకరించుకొనడంలో మాత్రం ద్రౌపది దీనికి విరుద్ధంగా వ్యవహరిస్తుంది. కొనలు వంపు తిరిగిన కురులను పైకెత్తి కుడివైపున దాచుకొని, మాసిన ఏకవస్త్రం ధరించి నగరంలోకి వస్తుంది. పరుల శిరస్సును తీర్చగల చేయి తన శిరస్సును మరుగుపరచడానికి పనిచేసింది. ‘దిద్దు’, ‘దిద్దుకొను’ అన్న రెండు క్రియలు ఈ పాత్రలో ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. అయినా ఆ ప్రయత్నం పూర్తిగా ఫలించదు. ఇంత రూపవతి పరిచారిక అంటే నమ్మలేనని, రాజు తనను విడిచి ఈమెను కోరతాడేమోనని సుదేష్ణ సంకోచిస్తుంది. వస్త్రం మాసినా అవయవ నిర్మాణం మాయదన్న సత్యాన్ని ఇతిహాస కవి గుర్తించాడు.

ఈ పాత్ర చిత్రణలో పరాకాష్ఠ అనదగినది వంటశాలలో భీముని ముందు జరిగిన సంభాషణ. కీచకుని వల్ల అవమానం పొందిన ద్రౌపది తన దుఃఖాలను లెక్కిస్తూ, గంధం నూరి కాయలు కాచిన రెండు చేతులను భర్తకు చూపుతుంది. ఇతరులు నూరిన గంధం విరాటునికి నచ్చదని చెబుతుంది. ఆ మాటలో రెండు అంశాలు కలిసి ఉన్నాయి. ఆమె పనితనం రాజు గుర్తించినంత మేలైనది. ఆ పనితనమే ఆమె చేతులను గాయపరచింది. గంధం పూసుకొన్న దేహాల పరిమళాన్ని ప్రబంధ కవులు ఎంతగానో వర్ణించారు. నూరిన చేతి కాయలు మాత్రం ఇక్కడ, ఇంత సూటిగా కనిపిస్తాయి. కీచకుని ఇంటికి మద్యం తెమ్మని సుదేష్ణ ఆమెను పంపడం కూడా ఈ కోణం నుంచి చూస్తే కేవలం కథ మలుపు కాదు. అది పని ఒప్పందపు హద్దు దాటిన ఆజ్ఞ. ప్రసాధన శిల్పిని దాసిగా జమకట్టినప్పుడు ఆమెకు కలిగే ప్రమాదం ఏమిటో కీచకవధ కథ చెబుతుంది.

బృహన్నల: దిద్దుకొన్న రూపం

అదే కొలువులో అర్జునుడు రెండవ క్రియకు ప్రతినిధి. అల్లెత్రాటి రాపిడి వల్ల బాహువులపై ఏర్పడిన గుర్తులను దాచడం కష్టమని అతడే ఒప్పుకొని, గాజులతో వాటిని కప్పుతాడు. చెవులకు కుండలాలు, తలపై జడ ధరిస్తాడు. ఏ గుర్తు తనను పట్టిస్తుందో ముందుగా గుర్తించి, దానిపైనే అలంకారాన్ని నిలపడం వేషధారణలో మొదటి పాఠం. ఈ రోజు నటుల ముఖాలపై మచ్చలను కప్పేవారు పాటించే సూత్రం కూడా ఇదే.

ద్రౌపది చేతి కాయలకూ అర్జునుని చేతి గుర్తులకూ మధ్య ఒక వ్యత్యాసం ఉంది. అర్జునుని గుర్తులు పాత వృత్తివి. కొత్త వేషం వాటిని దాచింది. ద్రౌపది కాయలు కొత్త వృత్తివి. వేషమే వాటిని పుట్టించింది. తాను దిద్దుకొన్న వేషం విప్పితే పోతుంది. పరులకు దిద్దిన శ్రమ దేహంలో మిగులుతుంది. అజ్ఞాతవాసం ముగిశాక అర్జునుడు గాజులు తీసి, కురులను తెల్లని వస్త్రంతో ముడిచి, గాండీవం అందుకొంటాడు. సైరంధ్రి చేతుల నుంచి ఆ కాయలు తీసివేసే ఘట్టం ఏదీ లేదు.

ఆహార్యం ఒక్కటే పాత్రను నిలపలేదన్న గ్రహింపు కూడా ఈ కథలో ఉంది. ఉత్తరుని సారథిగా బయలుదేరేటప్పుడు బృహన్నల కవచం తొడగడం తెలియనట్టు నటించి కన్యలను నవ్విస్తాడు. గాజులు, జడ వేసుకొన్న రూపానికి చేతల తడబాటు తోడుకావాలి. ఆహార్యాన్ని ఆంగికం సమర్థించాలి. ఆ జాగ్రత్త యుద్ధభూమిలో సడలగానే, దూరాన రథం దిగి పరుగెత్తే రూపంలో శిరస్సును, మెడను, బాహువులను చూసి కౌరవ పక్షం అర్జునుణ్ణి అనుమానిస్తుంది. వేషం వర్ణాన్ని కప్పగలదు కాని నడకను కప్పలేదు.

వరమా, శిల్పమా?

ఈ వాదానికి ఒక ఆక్షేపణ సహజంగా ఎదురవుతుంది. పాండవులను ఎవరూ గుర్తించలేరని యక్షప్రశ్నల చివర ధర్ముడు వరమిచ్చాడు. అర్జునుని రూపానికి ఊర్వశి శాపం కారణమన్న కథ ఉంది. దైవబలం ఉన్నప్పుడు ప్రసాధన నైపుణ్యానికి స్థానమేమిటి?

సమాధానం కథనంలోనే ఉంది. వరం ఒక్కటే చాలితే గాజుల ప్రస్తావన, కురుల ముడి, గంధం నూరడం, జమ్మిచెట్టుపై ఆయుధాలు దాచడం అవసరం లేదు. కవి వరాన్ని హామీగా ఉంచి, పనిని మనుషుల చేతికి వదిలాడు. ఇందుకు భిన్నమైన పద్ధతి మనుచరిత్రలో కనిపిస్తుంది. అక్కడ గంధర్వుడు ప్రవరుని రూపాన్ని మహిమతో పొందుతాడు. ఆ మాయారూపానికి రంగు, నగ, కొలత అక్కరలేదు. శక్తితో వచ్చిన రూపానికి తయారీ విధానం ఉండదు. శిల్పంతో వచ్చిన రూపానికి ఉంటుంది. అదే కావ్యంలో ప్రవరుడు పాదాలకు పూసుకొన్న పసరు మంచు తగిలి కరిగిపోవడం మాత్రం పదార్థ నియమానికి కట్టుబడిన సంఘటన. సిద్ధుని మహిమ గల లేపమైనా తడికి నిలవలేదు. పూత ఎంతసేపు నిలుస్తుంది, దేనికి కరుగుతుంది అన్న ప్రశ్న ప్రసాధకులకు నిత్యానుభవం. పెద్దన కథ మొత్తం ఆ కరగడంపై ఆధారపడింది. మాయను, శిల్పాన్ని విడదీసి చూస్తే వేషధారణ ఘట్టాలను ఒకే గాటన కట్టే అలవాటు సడలుతుంది.

గోద: అద్దం ముందు నిలిచిన తీర్పు

సొంత అలంకరణను పరుల చూపుకోసం చేసుకొనేదిగా మాత్రమే చదవడం శృంగార విమర్శలో స్థిరపడిన ధోరణి. ఆముక్తమాల్యదకు ఆధారమైన గోదాదేవి కథ దానిని సవరిస్తుంది. తండ్రి దేవునికోసం కట్టిన మాలను ఆమె ముందుగా తాను ధరించి, నీటిలో తన నీడ చూసుకొని, తిరిగి యథాస్థానంలో ఉంచుతుంది. ఎవరూ చూడని వేళ, తన అందం తానే పరీక్షించుకొన్న సందర్భమిది. మాల తగినదో కాదో ఆమె ఒంటిపైన నిర్ణయమయ్యాకే అది దేవునికి చేరుతుంది. ఇక్కడ దిద్దుకొనడం ఆత్మప్రదర్శన కాదు, పరీక్ష. మరొకరికి అర్పించబోయేదానిని ముందుగా తనపై సరిచూసుకొనే ఈ పద్ధతి ప్రసాధన శిక్షణలో కూడా ప్రధానం. కొత్త రంగును ఇతరుల చర్మంపై వాడకముందు తన చేతిపైనో ముఖంపైనో పరీక్షించుకొనడం అభ్యాసకులు నేర్చే తొలి క్రమశిక్షణ. సొంత సొగసు వృత్తికి ప్రయోగశాలగా మారే సంధి ఇది.

కన్యాశుల్కంలో వేషాల బేరం

1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో విస్తృత రూపం పొందిన కన్యాశుల్కం వేషధారణను సంఘ వ్యవహారంలోకి దించింది. కరటకశాస్త్రి మహారాజు నాటక బృందంలో విదూషకుడు. అతని శిష్యుడు ఆడవేషాలు కట్టడం తెలిసినవాడు. రంగస్థలంపై నేర్చిన ఆ నేర్పే లుబ్ధావధాన్లు ఇంట కన్యగా చెల్లుబాటు అవుతుంది. నాటకశాలలో చప్పట్లు పొందే విద్య పెళ్లిచూపుల్లో వెల పలికింది. కన్యకు వెల కట్టే లోకంలో కన్యాత్వమే ఒక వేషంగా అమ్ముడుపోగలదన్న వ్యంగ్యం ఈ ఎత్తుగడలో ఉంది. కాబట్టి ఇది ప్రహసన చమత్కారం మాత్రమే కాదు. ఆహార్యమే వాదంగా మారిన సందర్భం.

ఆ మాయపెళ్లిలో మధురవాణి కంటె వధువు మెడకు చేరుతుంది. వేశ్య నగ కన్య మెడలో పడటంతో అలంకారానికి సొంత కులశీలాలు లేవని నాటకం నిరూపిస్తుంది. అలంకారం ఎవరి ఒంటిపై ఉంటే వారి కథ చెబుతుంది. మధురవాణికి సొంత సొగసూ వృత్తీ వేర్వేరు కావు. దిద్దుకొనడమే ఆమె జీవనోపాధి. అటువంటి స్త్రీ చివరి అంకంలో సౌజన్యారావు దగ్గరకు పురుష వేషంలో వెళ్లడం గమనించదగినది. తన వృత్తికి మూలమైన అలంకారాన్ని ఆమె ఆ ఒక్క సంభాషణకోసం పక్కన పెట్టింది. వేశ్యగా వస్తే వినని మాటను మనిషిగా వినిపించడానికి ఆమెకు వేషం అవసరమైంది. సైరంధ్రి తన రూపాన్ని దాచింది ప్రాణరక్షణకు. మధురవాణి దాచింది తన మాటకు గౌరవం దక్కడానికి.

ఈ పాత్రను స్థానం నరసింహారావు (1902–1971) ధరించడం వేషంపై వేషం పేరిచిన ఘట్టం. స్త్రీగా మారిన పురుషుడు, చివర పురుషుడుగా మారిన స్త్రీగా కనిపించాలి. ఆ చివరి వేషం అతని సహజ రూపానికి చేరువైనందువల్ల సులువైనది కాదు, కష్టమైనది. పురుష వేషం కింద మధురవాణి కనిపించాలే కాని నటుడు కనిపించకూడదు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా కూడా కీర్తి పొంది, 1956లో పద్మశ్రీ అందుకొన్న ఈ నటుడు తన అనుభవాలను ‘నటస్థానం’లో గ్రంథస్థం చేశాడు. నటుని స్వీయకథను ఆహార్య విద్యకు ఆకరంగా చదివే పద్ధతికి అటువంటి గ్రంథాలు అవకాశమిస్తాయి.

వెలుతురు మారితే వర్ణం మారుతుంది

రంగస్థల ప్రసాధన చరిత్ర నిజానికి వెలుతురు చరిత్ర. వీధి భాగవతాలలో ముఖానికి అర్దళం పూసి, కాటుకతో కళ్లు తీర్చి, సింధూరం వాడేవారు. దివిటీల పసుపు వెలుగులో, గుగ్గిలం పొడి చల్లగా భగ్గుమన్న మంటలో అర్దళం పూసిన ముఖం దూరంలోని ప్రేక్షకునికి కూడా మెరుస్తూ కనబడుతుంది. అదే పూత పగటివేళ అసహజం. అర్దళం ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం, విషపూరితం. సంప్రదాయ ప్రసాధనాన్ని నిర్విమర్శగా కీర్తించేవారు ఆ చర్మాలపై పడిన భారాన్ని లెక్కించవలసి ఉంది. పెట్రోమాక్స్ దీపాలు, ఆ తరువాత విద్యుద్దీపాలు రంగంపైకి వచ్చాక తెల్లని వెలుగు పాత పసుపును వెలవెలబోగొట్టింది. చలనచిత్రం వచ్చినప్పుడు సమస్య మరింత జటిలమైంది. తొలినాళ్ల ఫిల్ము ఎరుపును గ్రహించలేక దానిని నల్లగా చూపేది. ఎర్రని పెదవులు తెరపై నల్లని పెదవులయ్యేవి. 1930ల చివర హాలీవుడ్ వర్ణచిత్రాలకోసం మాక్స్ ఫాక్టర్ సంస్థ రూపొందించిన పాన్‌కేక్ ఆ తరువాత తెలుగు నాటక బృందాల పెట్టెల్లోకి కూడా చేరి, వ్యాపారనామం పోయి సామాన్యనామంగా స్థిరపడింది. పదార్థాలు మారాయి కాని పాఠం మారలేదు: ముఖాన్ని కాక, ముఖంపై పడే వెలుగును చూసి రంగు కలపాలి.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ఈ విద్యకు పరాకాష్ఠ. తెర వెనుక నిలిచిన నటుడు ముందుగా జడను తెరపై వేసి చూపుతాడు. నటుని ముఖం కంటే ముందు ఆహార్యం సభకు పరిచయమవుతుంది. నెగ్గగలవారెవరైనా ఉంటే ఈ జడ కోయవచ్చునన్న సవాలుగా దానిని సంప్రదాయం వ్యాఖ్యానిస్తుంది. అలంకారమే పాండిత్య ప్రతిజ్ఞగా నిలిచిన ఇటువంటి ఘట్టం అరుదు. సైరంధ్రి తాను ఇంతకు ముందు సత్యభామను అలంకరించానని చెప్పుకొన్న మాట, ఈ జడ ముందు నిలిచినప్పుడు కొత్త అర్థాన్ని ధ్వనింపజేస్తుంది. ఆ జడ అల్లిన చేయి ఎవరిదన్న ప్రశ్న దాని వెంటనే పుడుతుంది. సత్యభామగా ప్రఖ్యాతి పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) 1970లో పద్మశ్రీ పొందారు. ఆ వేషాలకు తోడ్పడిన చేతుల పేర్లు మాత్రం ప్రదర్శన సమీక్షలలో కానరావు.

నేర్పే పద్ధతి కూడా ఈ మధ్యకాలంలో మారింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో కీచకవధ ప్రదర్శనతో ప్రారంభమైన సురభి సమాజాలలో కుటుంబమే పాఠశాల. అక్కడ స్త్రీ పాత్రలను ఆ కుటుంబాల స్త్రీలే ధరించడంతో, దిద్దడం, దిద్దుకొనడం ఒకే ఇంట ఒకరినుంచి ఒకరికి అందాయి. సురభి తొలి ప్రదర్శనే సైరంధ్రి కథ కావడం ఈ చర్చకు సముచితమైన సంగతి.

శిల్పానికి హక్కు, వర్ణానికి తారతమ్యం

సైరంధ్రి ఒకే ఊపిరిలో చెప్పిన రెండు పనులు కేశ సంస్కారం, విలేపనం. ఈ రెంటినీ ఆధునిక చిత్రసీమ విడదీసింది. హిందీ చిత్ర పరిశ్రమలో 2014 వరకు అర్ధ శతాబ్దం పైబడి అమలులో ఉండిన సంఘ నియమం ప్రకారం స్త్రీలు కేశాలంకరణ మాత్రమే చేయవలసి ఉండేది; మేకప్ పురుషులదిగా ఉండేది. 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నియమం సమానత్వానికీ, వృత్తి స్వేచ్ఛకూ విరుద్ధమని తీర్పు చెప్పింది. అరవై నాలుగు కళలలో స్త్రీలకు నేర్పమన్న విద్యను, ఇతిహాసంలో ఒక రాణి జీవనాధారంగా ఎన్నుకొన్న విద్యను, స్త్రీ వేతనం తీసుకొని చేయరాదనడం వింత వైరుధ్యం. ఇంట్లో దిద్దుకొంటే సోకు, వీధిలో దిద్దితే మగవాడి వృత్తి అన్న విభజనకు మూలం, ‘దిద్దు’ను ‘దిద్దుకొను’ నుంచి వేరుచేసి, మొదటిదాన్ని శిల్పంగా, రెండవదాన్ని ఆడవారి చాపల్యంగా చూడటంలోనే ఉంది. ‘సోకులు’, ‘వేషాలు’ అన్న మాటలు వాడుకలో నిందార్థం పొందడం ఆ దృష్టి ఫలితమే.

శాస్త్రాన్ని కూడా ప్రశ్నించకుండా వదలరాదు. నాట్యశాస్త్రం వర్ణనిర్ణయంలో బ్రాహ్మణ, క్షత్రియులకు గౌరవర్ణం, వైశ్య, శూద్రులకు శ్యామవర్ణం చెప్పింది. కిరాత, బర్బర, పుళిందులతో పాటు ఆంధ్ర, ద్రమిళులను, దాక్షిణాత్యులను ప్రాయికంగా నల్లనివారిగా చూపమంది. రంగు కలిపే కొలత శాస్త్రమైతే, ఎవరికి ఏ రంగు అన్నది సామాజిక నిర్ణయం. ప్రసాధనమంటే తెల్లబరచడమేనన్న నేటి సామాన్య భావన ఆ తారతమ్యానికి దూరపు బంధువు. దానికి ప్రత్యాఖ్యానం కూడా మళ్లీ విరాటపర్వంలోనే లభిస్తుంది. సుదేష్ణ కొలువుకు వచ్చిన ప్రసాధకురాలికి కృష్ణ అని మరో పేరు. ఆమె నల్లని సుందరి. మాసిన బట్టలోనూ రాణిని కలవరపెట్టిన ఆ అందానికి గౌరవర్ణంతో పనిలేదు. చర్మపు రంగును మార్చడం కాక, దానికి తగిన ఛాయను ఎన్నడం మేలైన ప్రసాధనమని చెప్పే ఈనాటి శిక్షణకు సాహిత్యంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ముగింపు

తెలుగు సాహిత్యంలో ప్రసాధన ఘట్టాలను శృంగార వర్ణనగానో, కథాచమత్కారంగానో చదివినప్పుడు రూపం కనబడుతుంది కాని చేయి కనబడదు. సైరంధ్రి కాయలు కాచిన అరచేతులు, బృహన్నల గాజులు, గోద నీటినీడ, మధురవాణి కంటె, సత్యభామ జడ ఒకే విద్యకు సంబంధించిన సాక్ష్యాలు. ఆ విద్యలో తనకోసం చేసుకొనడం, పరులకోసం చేయడం పరస్పరం పోషించుకొంటాయి. తన ముఖంపై నేర్చినది పరుల ముఖంపై వృత్తి అవుతుంది. వృత్తిలో తెలిసినది తిరిగి తన సొగసుకు చేరుతుంది. ఈ రెండింటినీ కలిపి చదివే విమర్శకు ఆకరాలు కొరత లేవు. నాటక కర్తల జీవితచరిత్రలు, నటుల స్వీయకథలు, సమాజాల పద్దు పుస్తకాలు, వృత్తి పదజాలం ఆ దృష్టితో మరల చదవవలసి ఉన్నాయి. అర్దళం నూరినవారి, జడలు అల్లినవారి, రంగులు కలిపినవారి పేర్లు నమోదు చేయడం అందులో మొదటి పని. అప్పుడు ‘నేపథ్యం’ అన్న మాట వెనుకనున్న చోటును కాక, అక్కడ జరుగుతున్న పనిని మళ్లీ చెప్పగలుగుతుంది.